అస్లాక్ మోకాలి మహిమ

అస్లాక్ గొప్పలు మొదలుపెట్టాడంటే మా క్లబ్బు గుడిసెలో పొయ్యి వేరే రాజెయ్యక్కర్లేదు, ఆ వేడికే అందరి మేజోళ్ళూ ఆరిపోతాయి. ఏప్రిల్ మొదటి ఆదివారం, ఈ శీతాకాలంలో ఆఖరి స్కీ పందెం ముగించుకుని మేం లోపలికి వచ్చేసరికి అతను అప్పటికే పొయ్యి పక్క బల్ల ఆక్రమించాడు. బూట్లు విప్పేసి, కాళ్ళు బార్లా చాపి, వాఫెల్ అట్టు మీద మేకపాల చీజ్ రెండు పొరలు వేసుకుని కూర్చున్నాడు. మా లోయలో అందరూ ఒక్క పొరే వేసుకుంటారు.

క్లబ్బు కార్యదర్శిని నేను, గురోని. పందెం టైములు కూడటం నా పని. టెలిమార్క్ పందెంలో కొండ దిగేస్తే సరిపోదు. ప్రతి జెండా దగ్గరా మలుపు తిరిగేటప్పుడు ఒక కాలు ముందుకి జరగాలి, వెనక కాలి మడమ లేవాలి, ఆ మోకాలు మంచుకి తగిలేంత వంగాలి. వంగకపోతే అక్కడున్న కాపలా మనిషి కాగితం మీద గీత గీస్తాడు. గీతకి ఒక సెకను జరిమానా; దారి మధ్య గెంతులో కూడా అలాగే ఒక కాలు ముందుంచి దిగాలి, తప్పితే మూడు. ఇరవై ఎనిమిది జెండాల్లో పదకొండు నుంచి పదహారు దాకా కాగితం తప్ప అన్నీ నా చేతికొచ్చాయి. అది పదకొండో జెండా కాపలా బెర్గిటమ్మ దగ్గరుంది. ఆవిడ జెండాలు పీకి మోపు కట్టుకుని గానీ కొండ దిగదు. అప్పటిదాకా నా పుస్తకంలో అస్లాక్‌ది రెండు నిమిషాల పదకొండు సెకన్లు, ఒక్క గీత కూడా లేకుండా. ఓస్నేది రెండు నిమిషాల పన్నెండు, దాని మీద మూడు సెకన్ల జరిమానా.

ఆ మూడు సెకన్ల సంగతి చెప్పాలి. గెంతు దగ్గర ఓస్నే రెండు కాళ్ళూ జోడించి దిగింది. అక్కడ కాపలా ఉన్నాయన కళ్ళల్లో ఎండ పడి ఆయనకేమీ కనపడలేదు. పందెం అయ్యాక ఆ పిల్లే ఆయన దగ్గరకెళ్ళి, "నా గెంతు తప్పింది, రాసుకోండి" అని చెప్పి వచ్చింది. రంపపు మిల్లులో పనిచేస్తుంది, నోట్లో నాలుక లేదు, ఆ ఒక్క మాటే ఇవాళ తను మాట్లాడింది.

ఇక కాఫీలయ్యాక మా అసలు పని. ఇన్నాళ్ళూ మా పిల్లలకి ఈ విద్య నేర్పిన పెద్దాయన మోకాళ్ళు అరిగి మానుకున్నాడు. వచ్చే శీతాకాలం నుంచి ఇరవై రెండు మంది పిల్లల్ని ఎవరి చేతిలో పెట్టాలో చేతులెత్తి తేల్చాలి. అందులో నా కూతురూ ఉంది. నిలబడిన వాళ్ళు ఇద్దరే, అస్లాక్, ఓస్నే. మామూలుగా ఆఖరి పందెం గెలిచిన వాళ్ళకే చేతులు లేస్తాయి. అందుకే అస్లాక్ రెండు పొరలు వేసుకున్నాడు.

"సరే, ఇంతగా అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా" అన్నాడు.

ఎవరూ అడగలేదు.

"నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు, అదే నాలో ఉన్న లోపం. అక్టోబర్‌లో మీరంతా తుపాకులు పట్టుకుని అడవిలో తిరుగుతుంటే నేనేం చేశానో తెలుసా? మోకాళ్ళు వంచాను. అంతే, ఇంకేం లేదు. ఇంటి నుంచి దుకాణానికి పాలు తేవడానికి వెళ్తే అందరిలా నడవలేదు, అడుగడుక్కీ మోకాలు రోడ్డుకి ఆనిస్తూ వెళ్ళా. అలాగే తిరిగొచ్చా. మొదటి రోజు నేను ఇల్లు చేరేసరికి ఆ పాలు..."

"పెరుగైపోయాయి" అన్నాడు డ్రెంగ్‌మన్. అతనికి గొర్రెల మంద ఉంది. పెద్ద బండ వెనక పద్నాలుగో జెండా దగ్గర నిలబడి పన్నెండు నుంచి పదహారు దాకా చూడాల్సినవాడు, గొర్రె ఈనుతోందని పందెం మధ్యలో అందరూ చూస్తుండగా పరిగెత్తి, ఇప్పుడే వాఫెళ్ళ వేళకి తిరిగొచ్చాడు. కవల పిల్లలట.

"నవ్వు, నవ్వు. వారం తిరిగేసరికి రోజుకి మూడొందల వంపులు, నెల తిరిగేసరికి మూడు వేలు. ఎంత వంగానంటే, ఒకరోజు పొరపాటున నిటారుగా నిలబడితే మా ఆవిడ తలుపు దగ్గరే ఆపేసి, 'ఎవరు కావాలండీ, మా ఆయన ఇంట్లో లేరు' అంది. నవంబర్ వచ్చేసరికి ఈ కుడి మోకాలు ఉంది చూశారూ, దీంతో పొయ్యిలోకి కట్టెలు చీల్చేవాణ్ణి. గొడ్డలి ఎవరికో ఇచ్చేశా."

"నాకే ఇచ్చావు!" అన్నాడు స్వైనుంగ్. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడు ఒకడుంటాడంటారే, అస్లాక్‌కి ఆ పని చేసేది స్వైనుంగే.

"చూశారా, సాక్ష్యం. ఇక డిసెంబర్, మొదటి పందెం. స్కీలు జారేందుకు రాసే మైనం నాది నేనే కాచుకుంటా. మా ముత్తాత నాటి పాకం అది. తారు, తేనెపట్టు మైనం, ఇంకొకటి ఉంది, అది మాత్రం ప్రాణం పోయినా చెప్పను."

"చేపనూనె" అన్నాడు డ్రెంగ్‌మన్. "వాసనే చెబుతోంది."

"మైనం పట్టించి గోడకి ఆనించి, కాఫీ తాగి వచ్చి చూద్దును కదా, స్కీలు లేవు! మంచులో రెండు గీతలున్నాయి గానీ మనిషి జాడ లేదు. గీతల వెంట పడ్డా. కంచె దాటాయి, వాగు దాటాయి, ఎగువకి, వింటున్నారా, ఎగువకి కొండెక్కాయి. పోగా పోగా పందెం మొదలయ్యే చోటికి చేరుకుంటే అక్కడ వరసలో బుద్ధిగా నిలబడి ఉన్నాయి. నాకు ముందు నుంచి నాలుగో చోటు పట్టి ఉంచాయి. ఎక్కాను, దిగాను, గెలిచాను."

నేను పుస్తకం తిరగేశాను. "డిసెంబర్‌లో గెలిచింది ఓస్నే కదా?"

"అది టైములో, గురో! నేను చెప్పేది గెలుపు సంగతి."

నేను పుస్తకం మూసేశాను. ఓస్నే తన బూట్లలోని మంచు పొయ్యి ముందు దులుపుకుంటోంది.

"ఆ తర్వాత జనవరిలో ఏమైందో మీకు ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే అసూయ. గెంతు దగ్గరికి వచ్చా. ఎగిరా. మీరందరూ ఎగురుతారు, పడతారు. నేను ఎగిరా, పడలేదు. కింద కాపలాదారు మెడ నొప్పెట్టి కాఫీకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం గాల్లో కూడా వంపు వదల్లేదు, ముందు కాలు ముందే, వెనక మడమ పైనే. ఒక గద్ద వచ్చి కాసేపు నా పక్కనే ఎగిరింది. నా వెనక కాలు చూసింది, తన కాళ్ళు చూసుకుంది, సిగ్గుపడి పక్కకి తప్పుకుంది పాపం."

"నేను చూశా!" అన్నాడు స్వైనుంగ్. "చుక్కంత అయిపోయాడు!"

"ఆ రోజు నువ్వు జ్వరంతో ఇంట్లో పడుకున్నావు కదరా?" అన్నాడు డ్రెంగ్‌మన్.

"కిటికీలోంచి చూశా."

"ఎక్కడ దిగానంటారు? అవతలి లోయలో, ఒక పశువుల కొట్టం కప్పు మీద. ఒక్క పెంకు కదల్లేదు, అలా దిగా. ఇంటావిడ బయటికొచ్చి, 'వేళకొచ్చావు నాయనా, దిగు, జావ తిందువు గానీ' అంది. మీగడ జావ, మధ్యలో వెన్న గుంట, పైన దాల్చిన చెక్క పొడి. వద్దంటే బాగుండదు. అయితే గెంతాక తర్వాతి జెండా చేరేదాకా వంపు విడవకూడదు కదా? అందుకని బల్ల దగ్గర కూడా కూర్చోలేదు, అలా వంగే తిన్నా. రెండు గిన్నెలు. అక్కణ్ణుంచి కొండెక్కి, ఇటు దిగి, మిగిలిన జెండాలన్నీ తిరిగి, రెండు సెకన్ల తేడాతో మొదట వచ్చా."

"రెండేనా?" అన్నాడు డ్రెంగ్‌మన్.

"నాలుగు ఉండేది. రెండో గిన్నె తినకుండా ఉండాల్సింది."

గుడిసె అంతా గొల్లుమంది. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను. మాటలు కోటలు దాటుతాయని తెలుసు, అయినా ఇవాళ టైముల్లో మొదట ఉన్నది అతనే. పిల్లలకి నవ్వించేవాడైతే బాగుంటుందేమో, ఓస్నే దగ్గరైతే రోజంతా నోరు మూసుకుని కొండ ఎక్కి దిగాలి అనుకున్నాను. ఈ చెయ్యి అస్లాక్ కోసమే లేచేది. ఆ మాట తర్వాత తలుచుకుంటే నాకే సిగ్గేసింది.

"ఫిబ్రవరి! చుట్టు మలుపు!" అని అస్లాక్ కాలితో నేల తన్నాడు. ఆ మలుపుని మంచుతో పళ్ళెం అంచులా ఎత్తు కడతాం. ఒక పూర్తి చుట్టు తిరిగి బయటపడాలి. "అందులోకి ఎంత వేగంగా దూరానో నాకే తెలీదు. చూస్తే ముందెవడో పోతున్నాడు. ఒక్కొక్కరినే కదా వదిలేది, వీడెక్కణ్ణుంచి ఊడిపడ్డాడు? నీలం టోపీ, దాని మీద అల్లిన నక్షత్రం. 'తప్పుకోరా!' అని అరిచా. వాడూ తన ముందు ఎవడున్నాడో, 'తప్పుకోరా!' అని అరిచాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంకో వేలెడు వంగా, లాగి వాణ్ణి దాటేశా. దాటుతూ మొహం చూద్దును కదా, నేనే!"

"మరి రెండో స్థానం కూడా నీదే అయి ఉండాలే?" అన్నాడు డ్రెంగ్‌మన్.

"నాదే. కానీ ఒకే ఇంటికి రెండు పతకాలు ఇస్తే బాగుండదని నేనే వద్దన్నా."

అప్పుడు తలుపు తెరుచుకుంది. బెర్గిటమ్మ జెండాల మోపు మూలన పడేసి లోపలికి వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, ముప్పై శీతాకాలాలుగా పదకొండో జెండా ఆవిడదే. ఆవిడ ఎర్ర కోటు కొండ మీద నుంచే కనపడుతుంది, అది కనపడితే పదకొండు వచ్చిందని మాకు లెక్క. ఇవాళ ఎండకి ఆ కోటు భుజాన వేసుకుని, బూడిదరంగు స్వెట్టర్‌తో వచ్చింది. నేను కాగితం కోసం చెయ్యి చాపాను.

"ఆగవే, వాఫెల్ చల్లారితే తోలైపోతుంది" అని అస్లాక్‌కి ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టింది.

ఆవిణ్ణి చూడగానే అస్లాక్ మొహం వెలిగిపోయింది.

"రా బెర్గిటమ్మా, సమయానికొచ్చావు! ఇక ఇవాళ్టి సంగతి. ఇదుగో, ఇందులో అబద్ధానికి చోటే లేదు, చూసిన మనిషి ఎదురుగానే ఉంది. ముందు ఒక మాట. ఓస్నే మంచి పిల్లే, కాదనను. కానీ ఎవరూ చూడని తప్పుని తనే వెళ్ళి చెప్పుకునే మనిషి పిల్లలకి ఏం నేర్పుతుంది? ఓడిపోవడం నేర్పుతుంది. పందెం అన్నాక కాస్త తెలివుండాలి కదా?"

ఓస్నే చెవులు ఎర్రబడ్డాయి. తల ఎత్తలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు, స్వైనుంగ్ కూడా వాఫెల్‌లో మొహం దాచుకున్నాడు.

అస్లాక్ మాత్రం ఆగలేదు. "పది జెండాలు మామూలుగా తిరిగా. అంటే నా మామూలు. ఎదురుగా ఎర్ర కోటు. మా బెర్గిటమ్మ! ముప్పై ఏళ్ళుగా నిలబడ్డ మనిషి, ఆవిడ ముందు వంగకపోతే ఇక ఎక్కడ వంగుతాం? వంగా. మోకాలు మంచులో దిగి కాలవ తవ్వింది. మంచు కింద ఎలకలు, 'తెల్లారిందేమో' అని తలలు బయటపెట్టాయి. అప్పుడు బెర్గిటమ్మ ఏం చేసిందో తెలుసా? రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది!"

బెర్గిటమ్మ నమలడం ఆపింది. "దండం పెట్టానా?"

"పెట్టలేదూ? మూడుసార్లు!"

"మూడుసార్లా?"

"ఇదుగో, ఇలా, ఇలా, ఇలా. ఆ పైన వంగి వంగి ఊగిపోయావు. నాకే మొహమాటమేసింది, పెద్దదానివి."

"నా మొహం చూశావా నాయనా?"

"చూడకేం! కళ్ళ నీళ్ళు! ఆ వేగంలో కూడా కనపడ్డాయి. అక్కణ్ణుంచి ఇక నాకు పూనకమే. బండ వెనక్కి తిరిగాక పన్నెండు దగ్గర ఇంకాస్త వంగా, పదమూడు దగ్గర ఇంకాస్త, పద్నాలుగు, పదిహేను, పదహారుకి వచ్చేసరికి మంచు పైన నా టోపీ తప్ప ఏమీ కనపడలేదు. అడుగు, బెర్గిటమ్మనే అడుగు! ఆవిడ నోటితో చెబితే ఇక చేతులెత్తే పని కూడా లేదు."

బెర్గిటమ్మ వేళ్ళు తుడుచుకుంది. కోటు తీసి మోకాళ్ళ మీద పరుచుకుని, దాని చేతులు సర్దింది.

"ఎండ మాడ్చేస్తోందని ఈ కోటు విప్పి పదకొండో జెండా కర్రకి తగిలించా అబ్బాయ్. పోతుందేమోనని పైన టోపీ పెట్టా. డ్రెంగ్‌మన్ గొర్రె కోసం పోయాడు కదా, బండ వెనక ఎవరూ లేరు. రెండు వైపులా చూడాలని నేను ఎక్కి ఆ బండ మీదే కూర్చున్నా. నీకు దండం పెట్టింది నా కోటు. గాలి వీచింది."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది. అందరి తలలూ అస్లాక్ వైపు తిరిగాయి.

"కోటైనా పెట్టింది కదా..." అన్నాడు స్వైనుంగ్, మెల్లగా.

"పెట్టింది. ఈయనా దానికి తగ్గట్టే వంగాడు" అంది బెర్గిటమ్మ. "ఒట్టు, ముప్పై ఏళ్ళలో అంత మంచి వంపు నేను చూడలేదు, నా కోటుకే దక్కింది. పన్నెండు దగ్గర కరెంటు స్తంభంలా నిలబడ్డాడు. పదమూడు స్తంభం, పద్నాలుగు స్తంభం. పదిహేను దగ్గర తీరుబడిగా ముక్కు చీదుకున్నాడు. పదహారు దాటాక, కింద కాపలా వాళ్ళు కనపడగానే మళ్ళీ మోకాలొచ్చింది. టోపీ ఒక్కటే కనపడింది అన్నావు చూడు, అది నిజమే నాయనా. నా కంటికి చాలా ఎత్తున కనపడింది."

ప్యాంటు జేబులోంచి కాగితం తీసి నాకిచ్చింది. అస్లాక్ పేరు ఎదురుగా ఐదు గీతలు. ఓస్నే పేరు ఎదురుగా ఏమీ లేదు. ఆ పిల్ల వెళ్ళేటప్పుడు కూడా కర్ర మీద ఉన్నది కోటే, బండ వెనక ఉన్నదీ ఎవరూ లేని దారే.

లెక్క కూడాను. అస్లాక్ రెండు నిమిషాల పదహారు, ఓస్నే రెండు నిమిషాల పదిహేను. పైకి చదివాను. నా గొంతు కాస్త గట్టిగానే వచ్చి ఉంటుంది, నాకు కోపంగా ఉంది మరి. నా కూతురికి మోకాలు వంచడం కంటే ముందు, ఎవరు చూస్తున్నారో చూసుకోవడం నేర్పేవాణ్ణి నా చేత్తో నేనే ఎంచుకోబోయాను.

"అంటే, మోకాలికి కాస్త విశ్రాంతి ఇచ్చా" అన్నాడు అస్లాక్. "శీతాకాలమంతా వాడానా, పాపం అది మాత్రం..."

"జావ అరగలేదేమో" అన్నాడు డ్రెంగ్‌మన్.

గుడిసె కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. అస్లాక్ కూడా నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. చాపిన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. వాఫెల్ మీద మిగిలిన చీజ్ ఇంకా రెండు పొరలు ఉంది, ముట్టుకోలేదు.

నేను లేచాను. "పిల్లలకి ఓస్నే నేర్పాలనే వాళ్ళు చేతులెత్తండి."

నా చెయ్యి మొదట లేచింది. తర్వాత డ్రెంగ్‌మన్‌ది, వాఫెళ్ళు వేస్తున్న వాళ్ళవి, గోడ వార నిలబడ్డ అమ్మానాన్నలవి. స్వైనుంగ్ అటూ ఇటూ చూసి, పక్కవాడి చెయ్యి లేచాక తనదీ ఎత్తాడు. ఓస్నే మాత్రం చెయ్యి ఎత్తలేదు, తనకి తనే ఎలా ఎత్తుకుంటుంది. బూటు లేసు ముడి విప్పి మళ్ళీ వేసుకుంటోంది.

అస్లాక్ చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. కిటికీ వైపు చూస్తున్నాడు.

బెర్గిటమ్మ కాఫీ గుక్క మింగి, కప్పు కింద పెట్టి, మెల్లగా అతని వైపు తిరిగింది. కళ్ళార్పకుండా చూసింది.

అస్లాక్ చెయ్యి లేచింది. నిటారుగా, మోచెయ్యి వంగకుండా, వేళ్ళన్నీ కలిపి, మా అందరి కంటే పైకి లేచింది.

"చూశారా" అన్నాడు డ్రెంగ్‌మన్. "ఎవరైనా చూస్తుంటే మావాడికి తిరుగులేదు."